ఏడు హాలీకి ఆరు కల్దార్లు

తమ్మిలేరు ఎర్రగా పారుతోంది. ఏలూరు దగ్గర రెండు పాయలుగా చీలి, ఊరిని చెరో పక్క నుంచీ చుట్టుకుని కొల్లేట్లో కలిసే ఈ ఏరు మామూలు రోజుల్లో ఇసుక తప్ప ఇంకేమీ చూపించదు. 2024 సెప్టెంబరు మాత్రం మామూలు నెల కాదు. నెల మొదట్లోనే బుడమేరు బెజవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచేశాయి. కొల్లేరు నిండిపోయి కైకలూరు రోడ్డెక్కింది. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన రైలు దిగి బస్టాండుకు పోతుంటే, ఆటో అబ్బాయి వంతెన మీద బండి నెమ్మది చేసి, "పైనుంచి వచ్చే నీళ్ళండీ ఇవి. తెలంగాణా నీళ్ళు" అన్నాడు. ఆ మాటలో ఫిర్యాదేమీ లేదు. మేనమామ ఇంటి నుంచి వచ్చిన సారె గురించి చెప్పినట్టు చెప్పాడు.

నేను ఆ నీళ్ళకు ఎదురు వెళ్తున్నాను. ఏలూరు నుంచి చింతలపూడి, అక్కణ్ణుంచి సత్తుపల్లి. తారీఖు కావాలనే ఎంచుకున్నాను: సెప్టెంబరు 17. 1948లో ఆ రోజు సాయంత్రం హైదరాబాదు రేడియోలో నిజాం గొంతు వినిపించింది. అప్పటికి ఆయన ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చేసింది. ఆ తారీఖుకు పేర్లు చాలా ఉన్నాయి. ఢిల్లీ వాళ్ళు విమోచన అంటారు, కొందరు విలీనం అంటారు, మొన్నటి దాకా హైదరాబాదు ప్రభుత్వం సమైక్యత అంది, కిందటేడాది చివర్లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఈసారి ప్రజాపాలన అంది. బారసాల ఇన్నిసార్లు జరిగిన రోజు మన క్యాలెండరులో ఇంకొకటి లేదేమో.

బస్సు నిండా జనం. నా ముందు సీట్లో ఇద్దరు కుర్రాళ్ళు ఒకే ఫోనులో హైదరాబాదు నిమజ్జనం చూస్తున్నారు. వెనక ఇద్దరు పెద్దవాళ్ళు ఆరు వారాల కిందట ఢాకాలో షేక్ హసీనా హెలికాప్టర్ ఎక్కిన సంగతి ఇంకా మాట్లాడుకుంటున్నారు. "అంత సైన్యం ఉండి ఒక్క పూటలో ఎట్టా పోయింది?" అన్నాడొకాయన. "పూటలో పోదురా. పోవడం ఎప్పుడో మొదలైపోయి ఉంటది. మనకి ఆ పూట తెలుస్తది" అన్నాడు రెండో ఆయన. నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది సరిగ్గా ఆ మాట కోసమే. బస్సు పెదవేగి మలుపు దాటక ముందే అది నాకు దొరికేసింది. ఇక దిగి వెనక్కి పోయినా పోవచ్చు, కానీ టిక్కెట్టు చింతలపూడికి తీసుకున్నాను.

పెదవేగి అంటే పాత వేంగి. శాలంకాయనులు ఏలారు, తూర్పు చాళుక్యులు ఏలారు. ఇప్పుడక్కడ పామాయిల్ పరిశోధన సంస్థ ఉంది. రాజధానులకు ఇంతకన్నా మంచి విశ్రాంత జీవితం ఏముంటుంది? విజయరాయి దగ్గరికి వచ్చేసరికి డెల్టా వరి చేలు వెనకబడిపోయాయి. మట్టి రంగు మారింది, నేల కొంచెం కొంచెం లేచింది. కొబ్బరి కింద కోకో, ఆ పక్కన పామాయిల్ తోటలు, వాటి మధ్య పొగాకు బ్యారన్లు. ట్రాక్టరు నిండా ఎర్రటి పామాయిల్ గెలలు ఎదురొస్తున్నాయి. డెల్టా వాళ్ళం మేం దీన్ని మెట్ట అనేసి ఊరుకుంటాం. ఆ మాటలో కాస్త చిన్నచూపు ఉంటుంది, ఒప్పుకోవాలి. నీళ్ళు లేని ఊళ్ళకు పిల్లనివ్వబోమన్న ముత్తాతల గొంతు అది. ధర్మాజీగూడెం దాటాక వాన మొదలైంది. కిటికీ అద్దం పడలేదు. నా పక్కనున్న ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని, "ఇది ఎప్పుడూ పడదండీ, మాకలవాటే" అంది.

చింతలపూడిలో నేను కలవాల్సింది మిత్రుడి పెదనాన్న గారిని. ఆయనకు ఎనభై ఎనిమిదేళ్ళు. అంటే 1948లో పన్నెండేళ్ళ పిల్లాడు. పేరు రాయవద్దన్నారు. ఎందుకో తర్వాత అర్థమైంది.

అప్పట్లో చింతలపూడి మద్రాసు రాష్ట్రంలో, పశ్చిమ గోదావరి జిల్లా అంచున ఉన్న ఊరు. పైన సత్తుపల్లి వైపు అడుగుపెడితే నిజాం రాజ్యం, వరంగల్లు జిల్లా, మధిర తాలూకా. ఖమ్మం జిల్లా అన్నది 1953 దాకా లేనే లేదు. భాష ఒకటే, కులాలు ఒకటే, ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండేవి. అయినా మధ్యలో ఒక దేశం సరిహద్దు. సుమారు 82 వేల చదరపు మైళ్ళ దేశం, కోటీ అరవై లక్షల పైచిలుకు జనం, సొంత సైన్యం, సొంత రైలు, సొంత రూపాయి. ఉప్పు మూటతో ఆ గీత దాటితే కరోడ్‌గిరి నాకా దగ్గర సుంకం కట్టాలి. 1947 జూన్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నేను ఎవరిలోనూ కలవనని ఫర్మానా ఇచ్చాడు. నవంబరు 29న ఢిల్లీతో ఏడాది యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది నిండక ముందే కథ ముగిసింది.

పెదనాన్న గారికి ఫర్మానాలు గుర్తు లేవు. ఆయనకు గుర్తున్నది వాళ్ళ పశువుల కొట్టం. "కొట్టంలో గొడ్లను బయట కట్టేసి, అటునుంచి వచ్చినవాళ్ళకి ఇచ్చాడు మా నాన్న. ఇరవై మందో ముప్ఫై మందో. ఒక ముసలామె రోకలి మాత్రం పట్టుకొచ్చింది. ఇంకేం తెచ్చుకోలేదు. రోకలెందుకే అంటే, చేతికి అదే తగిలిందయ్యా అంది." నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజులవి. వాళ్ళ నాయకుడు కాశిం రజ్వీ లాతూరు వకీలు. హైదరాబాదులో ఆయన ప్రసంగాలు దద్దరిల్లుతుంటే, మధిర తాలూకా పల్లెల్లో వాటి అనువాదం మంటల్లో కనిపించేది.

మరి ఇటునుంచి అటు వెళ్ళిందెవరు? నా ప్రశ్నకు ఆయన కొంచెం సేపు ఆగి, ఇంట్లో ఎవరైనా వింటున్నారా అన్నట్టు చూశారు. డెబ్భై ఆరేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

"రాత్రిళ్ళు వెళ్ళేవోళ్ళు నాయనా. సంఘం వాళ్ళు. కాంగ్రెసు వాళ్ళూ వెళ్ళేవోళ్ళు. ఇద్దరికీ పడదు. ఇద్దరికీ అన్నం పెట్టింది మా అమ్మే."

తెలంగాణలో సంఘం అంటే కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్ర మహాసభ. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చి చంపాక, వెట్టి మీద, లెవీ ధాన్యం మీద, దొరల గడీల మీద లేచిన ఊళ్ళన్నీ ఆ పేరుతోనే లేచాయి. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ఆయుధాలు పట్టమని పిలుపిచ్చారు. ఏడాదిలో ఏ స్థాయికి వెళ్ళిందంటే, కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారు తర్వాత రాసిన వీర తెలంగాణ పుస్తకం లెక్కన మూడు వేల ఊళ్ళు, ముప్ఫై లక్షల జనం గ్రామరాజ్యాల కిందికి వచ్చాయి. పది లక్షల ఎకరాలు పంచారు. పార్టీ నాయకుడి లెక్క గనక ఒక పిసరు తగ్గించి చదువుకోమనేవాళ్ళు ఉన్నారు. తగ్గించినా అది చిన్న సంగతి కాదు. ఊరికి ప్రభుత్వం అంటే పటేలు, పట్వారీ, లెవీకి వచ్చే గిర్దావరు, ఠాణాలో నలుగురు జవాన్లు. పట్వారీ దస్త్రాలు తగలబడి, ఠాణా జవాన్లు పెద్ద క్యాంపుకు మూట కట్టుకుపోయాక, చార్మినారు దగ్గర ఎంత పటాటోపం ఉన్నా ఆ ఊళ్ళో నిజాం లేనట్టే.

సరిహద్దులో కాంగ్రెసు దళాలు చేసిందీ అదే పని, వేరే దారిలో. సత్యాగ్రహం పేరుతో తాటిచెట్లు, ఈతచెట్లు నరికారు. కల్లు మీద వచ్చే ఆబ్కారీ డబ్బు నిజాం ఖజానాకు పెద్ద ఆదాయం. కరోడ్‌గిరి నాకాల మీద దాడులు చేశారు. చెట్టు కొడితే, నాకా కాలిస్తే రాజుకేం అనుకుంటాం. జీతం రాని జవాను ఎన్నాళ్ళు కాపలా కాస్తాడు?

ఇక్కడ నాకు కాబూల్ గుర్తొచ్చింది. 2021 ఆగస్టు 15న మనం ఇక్కడ జెండా పండుగ మిఠాయి తింటుంటే టీవీలో ఆ నగరం చేతులు మారింది. అష్రఫ్ ఘనీ దేశం వదిలిపోయాడు. ప్రపంచమంతా ఒక్క రోజులో ఎలా అని నోరెళ్ళబెట్టింది. వెనక్కి తిప్పి చూస్తే జూలై 9న ఇరాన్ సరిహద్దులో ఇస్లాం ఖలా, 14న పాకిస్తాన్ సరిహద్దులో స్పిన్ బోల్డక్ తాలిబాన్ల చేతికి వెళ్ళాయి. రెండూ సుంకం నాకాలే. లారీల మీద వచ్చే పన్ను ఆ రోజు నుంచి కాబూల్‌కు రాలేదు. ఆగస్టు 6న పడిన మొదటి రాష్ట్ర రాజధాని జరంజ్, అదీ సరిహద్దు ఊరే. తాలిబాన్లకూ తెలంగాణ సంఘానికీ పోలిక పెడుతున్నానని ఎవరూ కోప్పడవద్దు. ఒకళ్ళు ఆడపిల్లల బడులు మూశారు, ఇంకొకళ్ళు వెట్టి ఆపారు. నేను చూస్తున్నది కూలిన గోడను, కూల్చినవాళ్ళను కాదు. గోడ రెండు చోట్లా అంచు నుంచే ఊడింది.

మునిగేవాడి తెలివి కూడా ఒకటే రకంగా ఉంటుంది. 1948 మేలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది! సరిహద్దుకు ఇటువైపు మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టులను వేటాడుతున్న ఏడాది అది. హైదరాబాదు నగరంలో కొందరు కామ్రేడ్లు స్వతంత్ర హైదరాబాదు అన్న మాట కూడా అన్నారు. ఆ తర్వాత పార్టీ లోపల ఆ మాట మీద ఎంత రగడ జరిగిందో, ఆ తరం వాళ్ళ జ్ఞాపకాలు చదివినవాళ్ళకు తెలుసు.

పెదనాన్న గారు లేచి లోపలికి వెళ్ళి బిస్కట్ల డబ్బా ఒకటి తెచ్చారు. అందులో పాత తాళంచెవులు, పొగాకు బోర్డు కాయితం ముక్కలు, వాటి కింద గుడ్డ మూట. మూటలో ఒకే ఒక్క వెండి రూపాయి. నా అరచేతిలో పెట్టారు. చల్లగా, అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఒక వైపు చార్మినారు, మధ్య తలుపులో చిన్న అక్షరం, ఐన్. ఉస్మాన్ పేరుకు మొదటి అక్షరం. రాజు తన బొమ్మ వేసుకోకుండా ద్వారంలో తన అక్షరాన్ని నిలబెట్టుకున్నాడు. రెండో వైపు పారశీ రాత. అంచు ఒకచోట అరిగి నున్నబడింది. బొటనవేలితో రాసి రాసి అరిగినట్టుంది.

"దీన్ని హాలీ అనేవోళ్ళం. మనది కల్దారు. ఏడు హాలీకి ఆరు కల్దార్లు, అదీ లెక్క. మా నాన్న కొట్లో చిల్లర మారకం ఉండేది." కాసేపు నాణెం వైపే చూశారు. "ఆ శ్రావణ భాద్రపదాల్లో అటునుంచి వచ్చినవాళ్ళ దగ్గర హాలీ తప్ప ఏముంటది? నిజాం పోతున్నాడు, ఇది చెల్లదు అని ఊరంతా పుకారు. మా నాన్న ఏడుకి నాలుగే ఇచ్చాడు. కొట్టంలో పడుకోబెట్టి అన్నం పెట్టినోళ్ళకే. ఆ రోకలి ముసలామెకి కూడా. ఇది ఆమెదే. మా అమ్మ నాన్నకి తెలీకుండా దాచింది, మళ్ళీ వస్తే ఇద్దామని."

ఆమె రాలేదు.

పేరు రాయవద్దన్నది ఇందుకు. నేను ఆ నాణెం వెనక్కి ఇచ్చేశాను. ఇంకో సంగతి ఆయనకు చెప్పాలా వద్దా అని తటపటాయించి చివరికి చెప్పాను. ఆ రూపాయి చెల్లకుండా పోలేదు. సెప్టెంబరు 13న తెల్లవారుజామున భారత సైన్యం నుంచి, షోలాపూర్ వైపు జె.ఎన్. చౌధురి దళాలు, బెజవాడ వైపు అజిత్ రుద్ర దళం కదిలాయి. ఐదో రోజు సాయంత్రానికి ప్రభుత్వం కూలింది. 18న నిజాం సేనాని జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగుబాటు. కానీ హాలీ సిక్కా మాత్రం 1959 దాకా చేతులు మారుతూనే ఉంది. ఆ అక్షరం యజమాని రాజ్‌ప్రముఖ్ అయి 1956 దాకా రాజభోగంలో ఉన్నాడు. గృహనిర్బంధంలో ఉన్న లాయక్ అలీ 1950లో కాపలా కళ్ళుగప్పి కరాచీలో తేలాడు.

"అంటే మా నాన్న మొత్తం లాభమే చేసుకున్నాడన్నమాట" అన్నారు పెద్దాయన. నవ్వలేదు.

కూలిన తర్వాతి రోజుల గురించి పండుగ ప్రసంగాల్లో వినిపించని లెక్క ఒకటుంది. సుందర్‌లాల్ కమిటీని ఢిల్లీ నుంచే పంపారు. పోలీసు చర్య అని పేరు పెట్టిన ఆ దాడి సమయంలోనూ ఆ వెంటనేనూ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని, వాళ్ళలో చాలామంది మరాఠ్వాడా, కన్నడ జిల్లాల ముస్లింలని ఆ కమిటీ అంచనా. ఆ నివేదిక దశాబ్దాల పాటు బీరువా దాటలేదు. రజాకార్లు భైరాన్‌పల్లిలో చేసిన ఊచకోత గుర్తుంచుకున్న నోటితోనే ఇదీ చెప్పుకోవాలి. మనం ఒకటి చెప్పేటప్పుడు రెండోది మరిచిపోతాం.

ఊళ్ళను గెలుచుకున్న సంఘానికి రాజధాని దక్కలేదు. కూలే గోడను వాళ్ళు గుల్ల చేశారు, మీద చెయ్యి వేసింది మాత్రం భారత సైన్యం. ఆ తర్వాత అదే సైన్యం వాళ్ళ వెంట పడింది. దున్నుకుంటున్న భూములు వదలబోమని ఒక వర్గం, ఇక చాలని రావి నారాయణరెడ్డి లాంటివాళ్ళు. దళాలు గోదావరి అడవుల్లోకి తప్పుకున్నాయి. దళాలకు అన్నం పెట్టిన పాపానికి కోయగూడేలు తగలబడ్డాయి, కోయలను మందల్లా శిబిరాలకు తోలారు.

చింతలపూడి బస్టాండులో టీ తాగుతూ నాకు తట్టిన సంగతి ఒకటుంది. 1948 సెప్టెంబరుకు ముందు అటు తరిమితే ఇటు దూకవచ్చు. ఇటు మద్రాసు పోలీసులు వెతికితే అటు దూకవచ్చు. రెండు ప్రభుత్వాల నడుమ ఒక పెరటి తలుపు ఉండేది, ఈ ఊరు ఆ తలుపు గడప. 18వ తారీఖు నుంచి రెండు వైపులా ఒకటే జెండా. తలుపు మాయమైంది. 1951 మొదట్లో కమ్యూనిస్టు నాయకులు రాజేశ్వరరావు, బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌ను కలిసినప్పుడు ఆయన చెప్పిందీ ఇంచుమించు అదే. చైనా దళాలకు వెనక మా సరిహద్దు ఉంది, మీ వెనక ఏముంది? గోదావరి అడవిలో కోయ గూడెం సంగతి క్రెమ్లిన్‌లో తేలడం చిత్రమే. ఆ అక్టోబరు 21న పోరాటం విరమించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్గొండలో నెహ్రూను మించిన ఓట్లతో గెలిచాడు. అదే తాలిబాన్లకైతే ఇరవయ్యేళ్ళూ పాకిస్తాన్‌లోని క్వెట్టా వైపు పెరటి తలుపు తెరిచే ఉంది.

టీ కొట్టాయన రేడియో లాంటిదేదో పెట్టాడు, పాటలు. పక్క బల్ల మీద ఇద్దరు చింతలపూడి ఎత్తిపోతల నీళ్ళు తమ జీవితంలో వస్తాయా అని పందెం కడుతున్నారు. ఈ నేల కింద బొగ్గు పొర ఉందని, భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని చింతలపూడి సబ్ బేసిన్ అంటారని చెబితే, ఒకాయన, "అది తవ్వడానికి మాత్రం తొందరగానే వస్తారు లెండి" అన్నాడు. నిజానికి ఆ పొర సత్తుపల్లి దగ్గర అప్పుడే తవ్వుతున్నారు. ఆ గనికి పెట్టిన పేరు జలగం వెంగళరావుది. సరిహద్దుకు అటువైపు వేంసూరు నుంచి గెలిచి 1973లో ముఖ్యమంత్రి అయినవాడు.

సత్తుపల్లి డిపో బస్సు నాలుగింటికి వచ్చింది. ఎక్కినవాళ్ళలో సగం ఆడవాళ్ళే. కండక్టరు కూడా ఆడమనిషే. నా పక్క సీట్లో సంచి నిండా వంకాయలతో కూర్చున్నావిడ ఆధార్ కార్డు తీసి చూపించింది. అప్పటికి తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం, ఇటువైపు ఇంకా కాలేదు. కండక్టరు యంత్రం రెండుసార్లు కిర్రుమంది. మొదటి టిక్కెట్టు సరిహద్దు దాకా, డబ్బులు పుచ్చుకుంది. రెండోది సరిహద్దు నుంచి సత్తుపల్లికి, దాని మీద సున్నా.

"గీత ఎక్కడొస్తుందమ్మా?" అని అడిగాను కండక్టరును.

"బోర్డుంటది సార్. వానకి కనపడదు."

వంకాయలావిడ రెండు టిక్కెట్లనూ కలిపి మడిచి జాకెట్లో దోపుకుని, సంచి కాళ్ళ మధ్యకు లాక్కుని కళ్ళు మూసుకుంది. బయట పామాయిల్ తోట పోయి ఇంకో పామాయిల్ తోట వచ్చింది.